మూత ఎక్కడ తీస్తారు? హైదరాబాద్‌లో మద్యం అమ్మకానికీ, రుచి చూపడానికీ మధ్య చట్టం గీసిన గీత

2025 అక్టోబరులో జరిగిన మద్యం దుకాణాల లక్కీ డ్రాలో భాగస్వాములతో కలిసి ఒక దుకాణం దక్కించుకున్న మిత్రుడొకడు, అమ్మకాలు మొదలుపెట్టే ముందు నన్ను ఒక ప్రశ్న అడిగాడు. మిఠాయి దుకాణానికి వెళ్తే బర్ఫీ ముక్క తుంచి చేతిలో పెట్టి, నచ్చితేనే తూకం వేయించుకోమంటారు. మామిడిపళ్ల బండి దగ్గర కూడా ఒక చెక్క కోసి ఇస్తారు. అలాంటప్పుడు నాలుగైదు వేలు పెట్టి సింగిల్ మాల్ట్ విస్కీ సీసా కొనబోయే మనిషికి ఒక చెంచాడు పోసి రుచి చూపిస్తే తప్పేమిటి, పైగా దానికి డబ్బు కూడా తీసుకోను కదా అన్నది అతని వాదన.

వినడానికి సబబుగానే ఉన్నా ఈ వాదన చట్టం ముందు నిలవదు. అతనికి దక్కింది సీసా అమ్ముకునే అనుమతే గాని, సీసా తెరిచే అనుమతి కాదు. ఈ రెండూ వేర్వేరు అనుమతులని, ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది దానంతట అది రాదని తెలియక చిక్కుల్లో పడేవారు వ్యాపారుల్లోనూ ఉన్నారు, పెళ్లిళ్లకూ పార్టీలకూ ఏర్పాట్లు చేసే మామూలు కుటుంబాల్లోనూ ఉన్నారు. మద్యం చట్టాలను చదివిన కొద్దీ నాకు అర్థమైంది ఏమిటంటే, అందులో కనిపించే నూటొక్క నిబంధనల్లో చాలా వాటిని ఒకే ప్రశ్న కలుపుతోంది: సీసా మూత ఎవరు తీస్తారు, ఎక్కడ తీస్తారు? ఈ ప్రశ్నను పట్టుకుంటే మిగతా చిక్కుముడులు చాలావరకు వాటంతట అవే విడిపోతాయి.

హక్కు కాదు, అనుమతి

బియ్యమో బట్టలో అమ్ముకోవడానికి రాజ్యాంగంలోని 19వ అధికరణం పౌరుడికి వ్యాపార స్వేచ్ఛ ఇస్తుంది. మద్యానికి ఆ స్వేచ్ఛ లేదు. 1994లో ఖోడే డిస్టిలరీస్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తేల్చి చెప్పింది: మత్తు పానీయాల వ్యాపారం ప్రాథమిక హక్కు కాదు, రాష్ట్రం దాన్ని పూర్తిగా నిషేధించవచ్చు, తానే గుత్తగా నడుపుకోవచ్చు, లేదా షరతులు పెట్టి ఇతరులకు అప్పగించవచ్చు. అయితే ఒకసారి ఇతరులకు అప్పగించాలని నిర్ణయించుకున్నాక మాత్రం అర్హుల మధ్య వివక్ష చూపడానికి వీల్లేదు. దుకాణాలను అధికారి ఇష్టానికి వదిలేయకుండా అందరి ఎదుట డ్రా తీసి కేటాయించడం వెనక ఉన్న బలమైన కారణం ఇదే.

ఈ అధికారం కేంద్రానిది కాకుండా రాష్ట్రాలది. మత్తు పానీయాల తయారీ, స్వాధీనం, రవాణా, కొనుగోలు, అమ్మకం అన్నీ ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో ఎనిమిదో అంశం కింద ఉన్నాయి. తాగే మద్యం జీఎస్టీ పరిధిలోకి కూడా రాలేదు; దానిపై ఎక్సైజ్ సుంకం, వ్యాట్ రాష్ట్రానివే. అందుకే గోవాలో ఒక ధర, హైదరాబాద్‌లో ఇంకో ధర. తెలుగు రాష్ట్రాలు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినా ఈ అధికారం ఎంత విస్తృతమో తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి 2024 దాకా ప్రభుత్వమే స్వయంగా దుకాణాలు నడిపి, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటువారికి అప్పగించింది. తెలంగాణలో ఆ కాలమంతా దుకాణాలు ప్రైవేటు లైసెన్సుదారుల చేతుల్లోనే ఉన్నాయి. రెండు పద్ధతులూ చట్టబద్ధమే.

హైదరాబాద్‌కు ఈ చరిత్ర కొత్త కాదు. నిజాం కాలంలో ఇక్కడ 1316 ఫస్లీ (నిజాం రాజ్యపు క్యాలెండరు; మన లెక్కలో సుమారు 1907) నాటి హైదరాబాద్ ఆబ్కారీ చట్టం అమల్లో ఉండేది. దాని స్థానంలో వచ్చిన 1968 నాటి ఎక్సైజ్ చట్టమే, రాష్ట్రం ఏర్పడ్డాక తెలంగాణ ఎక్సైజ్ చట్టం అన్న పేరుతో నేటికీ మూల శాసనం. చట్టం పేరు మారినా జనం నోట ‘ఆబ్కారీ’ అన్న మాట అలాగే మిగిలింది. ఇక శాఖ పూర్తి పేరు మద్యనిషేధ, ఆబ్కారీ శాఖ. ఒక చేత్తో నిషేధం, ఇంకో చేత్తో ఆదాయం చూసే ఈ పేరు వెనక నిజమైన పోరాటాలున్నాయి. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై పాకిన సారా వ్యతిరేక ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధమైంది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో సడలింది. సారా మాత్రం మళ్లీ రాలేదు. అందుకే ఈనాటికీ గుడుంబా, అంటే నాటుసారా, కాస్తే ఎంత సుంకం కడతామన్నా లైసెన్సు దొరకదు. మద్యపాన నిషేధానికి రాజ్యం కృషి చేయాలని రాజ్యాంగం 47వ అధికరణం చెబుతున్న మాట కూడా ఈ చట్టాల వెనక ఎప్పుడూ నిలబడే ఉంటుంది. ఏదైనా షరతు అర్థం విషయంలో తగవు వస్తే, వ్యాపారికి వెసులుబాటు కలిగే అర్థం కన్నా నియంత్రణకు బలమిచ్చే అర్థం వైపే కోర్టులు మొగ్గడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం.

‘వైన్స్’ అన్న దుకాణం

మన ఊళ్లో మద్యం దుకాణాన్ని ‘వైన్స్’ అంటాం. అక్కడ అమ్ముడుపోయేదంతా విస్కీ, బ్రాందీ, బీరే అయినా, ద్రాక్ష వైన్ ఏ మూల అరలోనో నాలుగు సీసాలు మాత్రమే ఉన్నా, పేరు వైన్సే. లైసెన్సు భాషలో దాని పేరు ఏ4 దుకాణం. తెలంగాణలో ఇలాంటివి 2,620. రెండేళ్ల కాలానికి డ్రా తీస్తారు. ప్రస్తుత కాలం 2025 డిసెంబరు 1న మొదలై 2027 నవంబరు 30తో ముగుస్తుంది. గౌడ కులస్థులకు 15 శాతం, ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 5 శాతం దుకాణాలు కేటాయించారు.

డ్రాలో నిలబడటానికే దరఖాస్తుకు 3 లక్షల రూపాయలు కట్టాలి. దుకాణం రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. 2023లో ఈ రుసుము 2 లక్షలుండగా దరఖాస్తులు 1.31 లక్షలు దాటాయి. 2025లో రుసుము పెరగడంతో దరఖాస్తులు 95 వేల చిల్లరకు తగ్గినా, ఖజానాకు చేరిన మొత్తం మాత్రం 2,850 కోట్ల రూపాయలు దాటింది. ఒక్క సీసా అమ్మకముందే వచ్చిన ఆదాయం ఇది. డ్రా తగిలాక అసలు ఖర్చు మొదలవుతుంది. 5 వేల లోపు జనాభా ఉన్నచోట ఏడాదికి 50 లక్షలు, 20 లక్షలకు మించిన జనాభా ఉన్న నగరంలో, అంటే హైదరాబాద్‌లో, ఏడాదికి కోటీ 10 లక్షలు లైసెన్సు రుసుము కట్టాలి. ఇంత పెట్టుబడి పెట్టిన మనిషి ఒక చెంచాడు రుచి కోసం దాన్నంతటినీ పణంగా పెట్టడం తెలివైన పని కాదని నా మిత్రుడికి మొట్టమొదట చెప్పింది ఈ లెక్కే.

ఇంత రుసుము కట్టినా సరుకు ఎక్కడ కొనాలన్నది దుకాణదారు ఇష్టం కాదు. తయారీదారు నుంచి నేరుగా కొనకూడదు, పక్క దుకాణం నుంచి తెచ్చుకోకూడదు. ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ డిపో ఒక్కటే దారి. 1986లో ఉమ్మడి రాష్ట్రంలో ఏర్పడిన ఈ ఏర్పాటు 2014 తర్వాత తెలంగాణ సొంత కార్పొరేషన్‌గా కొనసాగుతోంది. కంపెనీ దగ్గర కార్పొరేషన్ కొనే మూల ధరను ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. ఈ గొలుసులో ఒక లింకు తెగితే ఏమవుతుందో 2025 జనవరిలో హైదరాబాద్ చూసింది. మూల ధర పెంచలేదని, పాత బకాయిలు చెల్లించలేదని యునైటెడ్ బ్రూవరీస్ సంస్థ కార్పొరేషన్‌కు బీరు సరఫరా నిలిపివేసి, కొద్ది రోజుల తర్వాత మళ్లీ మొదలుపెట్టింది. ఆ తరువాతి నెలలో ప్రభుత్వం బీరు మూల ధరను 15 శాతం పెంచింది. ఆ రోజుల్లో దుకాణదారు చేతిలో డబ్బున్నా, పక్క రాష్ట్రంలో అదే బీరు దొరుకుతున్నా, తెచ్చి అమ్మే దారి మాత్రం లేదు.

ధర విషయంలోనూ అంతే. దుకాణంలో సీసా మీద అచ్చయిన ఎమ్మార్పీకి మించి ఒక్క రూపాయి తీసుకున్నా నేరమే. చల్లగా ఉంచినందుకు అదనం, చిల్లర లేదు కాబట్టి అదనం అన్న మాటలు చెల్లవు. బార్‌లో మాత్రం అదే సీసాకు ఎక్కువ తీసుకుంటారు, అది తప్పు కాదు. ఈ తేడా చాలామందికి అన్యాయంగా తోస్తుంది. హోటళ్లు సీసా నీళ్లను ఎమ్మార్పీకి మించి అమ్మడంపై వచ్చిన కేసులో 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదివితే కారణం తెలుస్తుంది: అక్కడ కొనేది ఒట్టి సీసా కాదు, కూర్చునే చోటు, వడ్డన, వసతి అన్నీ కలిసిన సేవ. మూత తీసి వడ్డించే చోటికి ఒక లెక్క, మూత తీయకుండా చేతికిచ్చే చోటికి వేరే లెక్క.

టేపు పట్టుకుని కొలిచే చట్టం

దుకాణం ఎక్కడ పెట్టాలన్న విషయంలో వచ్చినన్ని తగవులు బహుశా మరే షరతు మీదా రాలేదు. గుడి, మసీదు, చర్చి వంటి ప్రార్థనా స్థలాలకూ, విద్యాసంస్థలకూ, ఆసుపత్రులకూ 100 మీటర్ల లోపు దుకాణం ఉండకూడదు. చదవడానికి ఒక్క వాక్యమే అయినా, హైదరాబాద్ గల్లీలో నిలబడి చూస్తే దాని బరువు తెలుస్తుంది. ఈ 100 మీటర్లను పటం మీద గీత గీసి కొలవరు. దుకాణం ప్రవేశ ద్వారం మధ్య బిందువు నుంచి బయలుదేరి, మామూలుగా మనుషులు నడిచి వెళ్లే దగ్గరి దారి వెంట నడిచి, అవతలి సంస్థ గేటు మధ్య బిందువు దాకా కొలుస్తారు. దాంతో గోడకు గోడ ఆనుకున్నట్టే కనిపించే బడీ దుకాణమూ, గేట్లు చెరో వీధిలో ఉంటే, చట్టం దృష్టిలో నూటపది మీటర్ల దూరంలో ఉండొచ్చు. ఒకసారి కొలతలు జరుగుతుండగా దగ్గరుండి చూశాను. టేపు ఒక కొసను షట్టరు కింద ఇటుక పెట్టి ఆపారు. రెండో కొస పట్టుకున్న మనిషి మురుగు కాలువ మీది పలకరాయి దాటాలా, చుట్టూ తిరిగి రావాలా అన్న దాని మీద అరగంట వాదన నడిచింది. పలకరాయి మీదుగా జనం రోజూ నడుస్తారని కాలనీవాళ్లు, అది దారే కాదని దుకాణం వాళ్లు. ఆ పలకరాయి విలువ అక్షరాలా కోటి రూపాయలు.

ఇక రహదారుల సంగతి. 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మకూడదని ఆదేశించింది. 2017 మార్చి 31న ఆ దూరాన్ని 20 వేలకు మించని జనాభా ఉన్న స్థానిక సంస్థల్లో 220 మీటర్లకు తగ్గించింది. అదే ఏడాది జులైలో, పురపాలక ప్రాంతాల్లోని లైసెన్సులకు ఈ ఆదేశం అడ్డు కాదని స్పష్టత ఇచ్చింది. నగరంలో విజయవాడ రోడ్డు మీదా, ముంబై రోడ్డు మీదా దుకాణాలు ఎలా ఉన్నాయని అడిగేవారికి జవాబు ఆ జులై నాటి స్పష్టతలో ఉంది.

వేళల విషయం సులువు. జీహెచ్‌ఎంసీ పరిధిలో దుకాణాలు ఉదయం 10 నుంచి రాత్రి 11 వరకు, మిగతా చోట్ల రాత్రి 10 వరకు తెరిచి ఉంటాయి. కొనేవారికి 21 ఏళ్లు నిండాలి. 18కే ఓటు వచ్చినా సీసా మాత్రం రాదు. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీల్లో మూసివేత. పోలింగ్ ముగిసే గంటకు ముందు 48 గంటలపాటు ప్రజాప్రాతినిధ్య చట్టం 135సి సెక్షన్ ప్రకారం అమ్మకం, పంపిణీ రెండూ నిషేధం. ఇక్కడ ‘పంపిణీ’ అన్న మాటను గమనించాలి, ఉచితంగా ఇచ్చినా నేరమే. వీటికి తోడు వినాయక నిమజ్జనం, బోనాలు, హోలీ వంటి సందర్భాల్లో శాంతిభద్రతల కోసం పోలీసు కమిషనర్లు ఆయా ప్రాంతాలకు విడిగా ఉత్తర్వులిస్తారు.

రుచి చూపడం ఎక్కడ కుదురుతుంది

ఇప్పుడు మళ్లీ ఆ చెంచాడు దగ్గరికి వద్దాం. ఏ4 దుకాణం నుంచి బయటికి వెళ్లే ప్రతి సీసా మూతకు ఎక్సైజ్ హోలోగ్రాం లేబుల్ అంటించి ఉంటుంది. మూతకూ సీసా మెడకూ కలిపి అంటించడం వల్ల మూత తిప్పగానే అది చిరుగుతుంది. దాని మీది కోడ్‌ను స్కాన్ చేస్తే ఆ సీసా ఏ డిస్టిలరీ నుంచి ఏ డిపోకు వచ్చిందో తెలుస్తుంది. సుంకం కట్టిన సరుకా కాదా, కల్తీ జరిగిందా లేదా అన్న ప్రశ్నలకు ఆ చిన్న కాగితం ముక్కే జవాబు. అది చిరిగిన మరుక్షణం, లోపల ఉన్నది ఏమిటన్నదానికి లైసెన్సుదారు నోటిమాట తప్ప వేరే సాక్ష్యం మిగలదు. నగరంలో పేరున్న బ్రాండ్ల ఖాళీ సీసాల్లో చౌక మద్యం నింపి అమ్ముతూ పట్టుబడిన కేసులు ఏటా వస్తూనే ఉన్నాయి. దుకాణంలో తెరిచిన సీసా ఒక్కటి కనిపించినా తనిఖీ అధికారికి అనుమానం వచ్చేది అందుకే. ఆ సీసా రుచి చూపడానికి తెరిచారా, నింపి అమ్మడానికి తెరిచారా అన్నది చూసి చెప్పలేరు. అందుకే చట్టం ఉద్దేశాన్ని అడగదు, మూతను చూస్తుంది.

డబ్బు తీసుకోకపోవడం కూడా దుకాణదారును కాపాడదు. దుకాణం లైసెన్సులోని షరతు ధర గురించి కాదు. సీలు వేసిన సీసాలే అమ్మాలని, కౌంటరు దగ్గర తాగనివ్వకూడదని అది చెబుతుంది. ఉచితంగా పోసినా తాగినట్టే. షరతు ఉల్లంఘిస్తే లైసెన్సును సస్పెండ్ చేసే, రద్దు చేసే అధికారం చట్టం 31వ సెక్షన్ ఇస్తోంది.

మరి పర్మిట్ రూమ్ సంగతేమిటని మిత్రుడు అడిగాడు. దుకాణం పక్కనే విడిగా అనుమతితో నడిచే ఆ గదిలో, కొనుక్కున్న మనిషి తన సీసాను తాను తెరుచుకుని తాగుతాడు. అక్కడ మూత తీసేది కొన్నవాడే. దుకాణదారు అదే గదిలో తన సీసా తెరిచి పదిమందికీ పోస్తే అది బార్ చేసే పని అవుతుంది, ఆ పనికి బార్ లైసెన్సు కావాలి. కాబట్టి హైదరాబాద్‌లో మామూలు కొనుగోలుదారుకు దుకాణం దగ్గర చట్టబద్ధంగా రుచి చూసే దారి ఒక్కటే: క్వార్టర్ కొని, తానే మూత తీసుకోవడం. ఖరీదైన సింగిల్ మాల్టులకు, మంచి వైన్లకు క్వార్టర్ సీసాలు సాధారణంగా దొరకవు. అంటే ఎవరికి రుచి చూసుకోవాల్సిన అవసరం ఎక్కువ ఉందో వారికే ఆ వీలు లేదు. ఈ లోటు నిజమైనదేనని, నియంత్రణ చెడకుండానే దీన్ని సరిచేసే మార్గం ఆలోచించాలని నా నమ్మకం.

అలాంటి మార్గం ఇతర రాష్ట్రాల్లో ఉంది. మహారాష్ట్రలోని నాసిక్ ద్రాక్షతోటల్లో 2005 నుంచే రుచి చూసే గదులు నడుస్తున్నాయి. కర్ణాటక 2007లోనే ద్రాక్ష వైన్‌కు విడిగా విధానం తెచ్చింది. అక్కడికి వెళ్లి వచ్చినవారు, అదే పద్ధతి ఇక్కడ ఎందుకు లేదని అడుగుతారు. ఆ రెండు రాష్ట్రాలకూ ద్రాక్ష రైతుల ప్రయోజనం ఉంది, వైనరీలున్నాయి. మన దగ్గర మద్యమంటే ప్రధానంగా డిపో నుంచి దుకాణానికి వచ్చే సరుకు. ఒక రాష్ట్రంలో చూసిన పద్ధతి ఇంకో రాష్ట్రంలో లైసెన్సుగా పనికిరాదు.

హైదరాబాద్‌లో రుచి చూపే కార్యక్రమం సక్రమంగా జరపాలనుకునేవారికి ఉన్న దారులు కొన్నే. మొదటిది బార్. 2బీ లైసెన్సు ఉన్న రెస్టారెంటులో మూత తీయడమే పని కాబట్టి, నాలుగు రకాల విస్కీ తలా పదిహేను మిల్లీలీటర్లు పోసి అతిథుల ముందు పెట్టడానికి అడ్డంకి లేదు. ఇక్కడ మరో నియమం అద్దంలో బొమ్మలా తిరగబడి కనిపిస్తుంది: దుకాణంలో మూత తీయకూడదు, బార్ నుంచి మూత తీయని సీసాను పార్సిల్‌గా బయటికి పంపకూడదు. రుచి నచ్చిన అతిథి సీసా కావాలంటే దుకాణానికే వెళ్లాలి. రెండోది క్లబ్బు, అక్కడ సభ్యులకూ వారి అతిథులకూ మాత్రమే. మూడోది మైక్రో బ్రూవరీ. 2015లో వచ్చిన నిబంధనల కింద నడుస్తున్న ఈ చోట్ల, కాచిన బీరు అక్కడే తాగాలి కాబట్టి చిన్న చిన్న గ్లాసుల్లో అన్ని రకాలూ రుచి చూడటం పూర్తిగా సక్రమమే.

నాలుగోది, ఎక్కువమందికి అవసరపడేది, ఈవెంట్ పర్మిట్. ఈపీ-1 అని పిలిచే ఈ ఒక్కరోజు లైసెన్సు ఒక తేదీకి, ఒక చోటికి, దరఖాస్తు చేసినవారి పేరు మీద వస్తుంది. ఫంక్షన్ హాలులో రిసెప్షన్ అయినా, కార్పొరేట్ విందు అయినా, కొత్త బ్రాండును పరిచయం చేసే సాయంత్రమైనా మద్యం వడ్డించాలంటే ఇది ఉండాలి. సరుకు తెలంగాణలో సుంకం కట్టినదే అయి ఉండాలి, అతిథులకు 21 ఏళ్లు నిండి ఉండాలి. మొయినాబాద్, చేవెళ్ల వైపు ఫాంహౌసుల్లో జరిగే పార్టీల మీద దాడులు జరిగినప్పుడల్లా ‘సొంత స్థలంలో తాగితే తప్పేమిటి’ అన్న మాట వినిపిస్తుంది. సొంత ఇంట్లో పరిమితికి లోబడి ఉంచుకున్న మద్యాన్ని నలుగురు స్నేహితులతో పంచుకోవడానికి, టికెట్టు పెట్టి నూరుమందిని పిలిచి పర్మిట్ లేకుండా వడ్డించడానికి మధ్య ఉన్న తేడాను ఆ మాట దాటవేస్తుంది.

ఇంకో జాగ్రత్త చెప్పాలి. గోవా నుంచి వచ్చే రైళ్లలో, బస్సుల్లో, శంషాబాద్ విమానాశ్రయంలో ఎక్సైజ్ తనిఖీలు తరచూ జరుగుతుంటాయి. గోవాలో సుంకం కట్టిన సీసా తెలంగాణలో సుంకం కట్టని సీసాయే. విదేశం నుంచి దిగినవారికి కస్టమ్స్ నిబంధనలు అనుమతించే 2 లీటర్లు వేరే విషయం, దాన్ని చూపి గోవా సీసాను సమర్థించుకోలేరు. రుచి చూపే కార్యక్రమానికి అరుదైన సరుకంటూ బయటి నుంచి తెచ్చిన సీసా ఒక్కటి ఉన్నా, చేతిలో ఉన్న పర్మిట్ ఆ సీసాను కాపాడదు. కార్యక్రమం అయ్యాక తిరుగు ప్రయాణం సంగతీ ముందే చూసుకోవాలి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద మొదటిసారికే 10 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. నాలుగు రకాలు రుచి చూసిన మనిషి ఆ గీత దాటడం ఏమంత కష్టం కాదు.

రుచి లేనప్పుడు లేబులే దిక్కు

రుచి చూసి కొనే వీలు లేదు కాబట్టి కొనేవాడికి మిగిలింది లేబుల్ ఒక్కటే. 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆహార భద్రతా సంస్థ నిబంధనలు ఆ లేబుల్ మీద ఏముండాలో నిర్దేశించాయి. ఆల్కహాలు శాతం ఉండాలి, ఆరోగ్య హెచ్చరిక, తాగి వాహనం నడపవద్దన్న మాట ఉండాలి. ఆరోగ్యానికి మేలు చేస్తుందన్న మాట ఏ రూపంలోనూ ఉండకూడదు. సగం శాతానికి మించి ఆల్కహాలు ఉన్న పానీయాన్ని మత్తు లేనిదని రాయకూడదు. మన విస్కీ సీసాల మీద తరచూ కనిపించే 42.8 శాతం అన్న వింత సంఖ్య కథ కూడా తెలుసుకోదగ్గది. పాత బ్రిటిష్ కొలతలో ‘ప్రూఫ్’ అంటే దాదాపు 57.1 శాతం ఆల్కహాలు. అందులో నాలుగో వంతు తగ్గిస్తే 75 డిగ్రీల ప్రూఫ్, అంటే 42.8. బ్రిటిష్‌వాళ్లు వెళ్లిపోయినా వాళ్ల కొలత మన సీసా మీద దశాంశంతో సహా ఉండిపోయింది.

మూత చుట్టూ తిరిగే ఈ ఏర్పాటంతా ఒక్క పానీయం దగ్గర అక్కరకు రాకుండా పోతుంది. కల్లుకు మూత లేదు. చెట్టు దిగిన గౌడన్న లొట్టిలోంచి వంచితే తాటాకు రేకలో పట్టుకుని తాగే కల్లును, ఊళ్లో ఒక గుక్క చప్పరించి, పులుపు చూసి, ఆ తర్వాతే సీసాల లెక్క మాట్లాడతారు. రుచి చూసి కొనే పద్ధతి మన దగ్గర తరతరాలుగా ఉన్నది ఈ ఒక్క పానీయానికే. గంటగంటకూ పులిసే సరుకుకు సీలు వేయడం కుదరదు కాబట్టి, చట్టం సీసాను వదిలి చెట్టునూ, గీసే మనిషినీ, సొసైటీనీ పట్టుకుంటుంది. ఒక్కో గీత కార్మికుడికి విడిగానో, సహకార సంఘానికో లైసెన్సు ఇస్తుంది. చెట్టు కళ్లెదుట ఉన్న ఊళ్లో ఆ ఏర్పాటు చాలు. చెట్లే లేని నగరానికి కల్లు వాహనాల్లో వస్తుంది. హైదరాబాద్‌లో 2004లో కల్లు దుకాణాలు మూయించారు, 2014లో మళ్లీ తెరిపించారు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు, ఎందరో ఆసుపత్రుల పాలయ్యారు. అల్ప్రాజోలం వంటి మత్తుమందు కలిసిన కల్లుకూ మంచి కల్లుకూ తేడా నాలుకకు తెలియదు, రేక మీద చిరిగే హోలోగ్రాం ఉండదు, చదువుకునే శాతం ఉండదు. నమూనా తీసి ప్రయోగశాలకు పంపడం ఒక్కటే మార్గం. అక్కడి నుంచి నివేదిక వచ్చేసరికి ఆ పూట కల్లంతా అమ్ముడై ఉంటుంది.